చెత్తకొండ కరిగాక కూలి ఎవరికి?

పట్టణాల శివార్లలో ఏళ్ల తరబడి పేరుకుపోయిన చెత్తకొండలు కరుగుతున్నాయి. విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో, విశాఖ కాపులుప్పాడలో పాత చెత్తను యంత్రాలతో తవ్వి జల్లెడ పట్టారు. 2021 అక్టోబరులో మొదలైన స్వచ్ఛ భారత్ రెండో విడతలో ఇలాంటి పనులకు నిధులు కేటాయించారు. పొగ తగ్గి, బోరు నీళ్లు బాగుపడితే అందరికన్నా ముందు దేవునికి స్తోత్రం చెప్పేది ఆ పక్క కాలనీల్లోని మన సంఘాలవారే. మేమూ చెబుతాం. అయితే అదే కొండ మీద ప్లాస్టిక్కు, ఇనుము ఏరి పిల్లలను చదివించుకుంటున్న అక్కాచెల్లెళ్ల మాటేమిటి?

ఈ పనిని బయోమైనింగ్ అంటారు. పొక్లెయిన్ తవ్విపోసిన చెత్త తిరిగే పెద్ద జల్లెడలో పడుతుంది. మట్టి ఒకవైపు, రాళ్లు ఒకవైపు, ప్లాస్టిక్కు, గుడ్డపీలికలు ఇంకోవైపు వస్తాయి. మండే చెత్త సిమెంటు ఫ్యాక్టరీల బట్టీలకు పోతుంది. అంటే ఏరుకునేవాళ్లు చేతులతో చేసిన పనినే యంత్రం చేస్తోంది. టెండరు దక్కిన కాంట్రాక్టరు తన యంత్రాలతో, తన మనుషులతో వస్తాడు. గేటుకు తాళం పడుతుంది. నిన్నటిదాకా లోపల పనిచేసినవాళ్లు ఇవాళ బయటివాళ్లు.

ఇదే చిక్కు అమెరికాలోనూ వచ్చింది. మూతపడిన ఫ్యాక్టరీల విషపు నేలలను శుభ్రం చేయడానికి కంపెనీలు బయటినుంచి మనుషులను తెచ్చుకునేవి. ఆ విషం పీల్చిన పేద కాలనీల్లో మాత్రం నిరుద్యోగం అలాగే ఉండేది. అక్కడి పర్యావరణ సంస్థ 1998 నుంచి ఆ కాలనీల నిరుద్యోగులకే శిక్షణ ఇప్పించడానికి గ్రాంట్లు ఇస్తూ వచ్చింది. ప్రమాదకర వ్యర్థాల మధ్య పనిచేయడంపై 40 గంటల పాఠం అందులో ముఖ్యమైనది. ఇప్పటివరకు 20 వేల మందికి పైగా శిక్షణ పొందారు. అంత పెద్ద దేశానికి ఇది చిన్న సంఖ్యే, కాని ఆలోచన సరైనది: ఎవరి గడప ముందు విషం పోశారో వారికే దాన్ని ఎత్తే కూలి, అది కూడా నైపుణ్యమున్న కూలి దక్కాలి.

నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయంలో పేర్ల జాబితాను మనం సాధారణంగా దాటవేస్తాం. అక్కడ చాలామంది ఎవరి ఇంటికి ఎదురుగా ఉన్న గోడను వారే బాగుచేశారు. పెంట గుమ్మాన్ని బాగుచేసిన మల్కీయా ఒక ప్రదేశానికి అధిపతి! మన పట్టణాల్లో పెంట గుమ్మం పని ఏ వాడకు పడుతుందో చెప్పనక్కరలేదు.

మన దేశంలో దారి అసలు లేకపోలేదు. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు చెత్త ఏరేవారిని గుర్తించి తమ వ్యవస్థలో కలుపుకోవాలని మున్సిపాలిటీలకు చెప్పాయి. మురుగు కాలువల, సెప్టిక్ ట్యాంకుల కార్మికుల కోసం కేంద్రం తెచ్చిన 'నమస్తే' పథకంలోకి 2024లో చెత్త ఏరేవారినీ చేర్చారు. పేరు నమోదైతే గుర్తింపు, చేతొడుగులు, బూట్లు వంటి రక్షణ సామగ్రి, ఆయుష్మాన్ కార్డు, శిక్షణ, వాహనాలకు, యంత్రాలకు సబ్సిడీ రావాలి. అంతా పేరు నమోదు దగ్గరే ఆగిపోతోంది.

మనవాళ్లు వెనకాడడానికి ఇంకో కారణం ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు; మన రెండు రాష్ట్రాల్లో వారు బీసీ-సి కిందికి వస్తారు. అందుకే ఏ ప్రభుత్వ ఫారం చూసినా 'చర్చి పేరు చెబితే ఏమవుతుందో' అన్న భయం. ఆ అన్యాయంపై పోరాటం సాగాల్సిందే. కాని 'నమస్తే' లెక్క కులం చూసి కాదు, చేసే పని చూసి తీసేది. 2024 నాటికి లెక్క తేలిన సుమారు 38 వేల మంది మురుగు కార్మికుల్లో 92 శాతం దాకా ఎస్సీ, ఎస్టీ, బీసీలే. మిగిలినవారు ఇతర కులాలవారు. కాబట్టి మన సహోదరి తన విశ్వాసాన్ని దాచుకోకుండానే పేరు రాయించుకోవచ్చు. ఈ ఒక్క మాట కాపరులు ఆదివారం ప్రకటనల్లో చెబితే ఎంతో మేలు.

క్రిస్మస్‌కు దుప్పట్లు పంచడంలో మన సంఘాలు ముందుంటాయి. మునిసిపల్ కమిషనర్ దగ్గరకు వెళ్లి టెండరులో స్థానికులకు పని ఇవ్వాలనే షరతు పెట్టమని అడగడంలో అంత ముందు లేవు. అది రాజకీయమని కొందరు పెద్దల అభిప్రాయం. మేము ఏకీభవించం. వారమంతా ఖాళీగా ఉండే చర్చి హాలు శిక్షణకు ఇవ్వవచ్చు. సూదులు, యాసిడ్ డబ్బాలు, పాత బ్యాటరీలు ఎలా పట్టుకోవాలో నేర్పడానికి సంఘంలోని నర్సులు, ఐటీఐ చదివినవారు చాలు. అయితే రోజు కూలి పోగొట్టుకుని పాఠానికి ఎవరూ రారు. శిక్షణ రోజులకు భత్యం ఉందా అని అధికారులను ముందే అడగాలి. లేకపోతే సంఘం కానుకల్లోంచి ఇవ్వాలి.

యువకులు జల్లెడ యంత్రం నడపడం, తూకం కాటా లెక్కలు రాయడం నేర్చుకోగలరు. యాభై దాటిన అమ్మను పొక్లెయిన్ ఎక్కించలేం. ఆమెకు పొడి చెత్త వేరుచేసే కేంద్రంలో నీడ, చేతొడుగులు, మరుగుదొడ్డి, వారం వారం అందే కూలి కావాలి. టెండరు కాగితంలో ఆమె కోసం కూడా ఒక వరుస ఉండాలని అడగాల్సింది పనులు మొదలయ్యాక కాదు, ఇప్పుడే.