బాలింతను ఇంటికి పంపే తొందర

బాన్సువాడ మాతా శిశు ఆసుపత్రికి 2022లో, తల్లిపాలను ప్రోత్సహించే ఆసుపత్రిగా జాతీయస్థాయి గుర్తింపు లభించింది. జిల్లాకేంద్రం కూడా కాని ఊరిలోని ప్రభుత్వాసుపత్రికి ఆ గౌరవం దక్కడం చూసి ఎంతో సంతోషించాను. ఈ గుర్తింపునకు మూలం ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 1991లో ప్రారంభించిన కార్యక్రమం. పుట్టిన గంటలోపే బిడ్డకు రొమ్ము అందించాలి, తల్లీబిడ్డలను రాత్రింబవళ్లు ఒకేచోట ఉంచాలి, డబ్బాపాలు, తేనె వంటివి దరి చేరనీయరాదు అన్నవి అందులోని ముఖ్య నియమాలు.

అయితే ఇవన్నీ జరగాలంటే బాలింత ఆసుపత్రిలో ఉండాలి కదా! ఉదయం ప్రసవించి సాయంత్రానికి ఆటో ఎక్కే తల్లికి పాలివ్వడం ఎవరు నేర్పగలరు? 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రులలోనే జరిగాయి. తొలి గంటలో తల్లిపాలు అందిన శిశువులు మాత్రం నూటికి 37 మందే. నూటికి 60కి పైగా కాన్పులు శస్త్రచికిత్సతో జరగడం ఇందుకు ఒక కారణమే గాని, అదొక్కటే కారణమని నేననుకోను. కాన్పు అయిపోయింది గనుక ఆసుపత్రితో పని తీరిందని మనం భావిస్తున్నాము.

వైద్యుని దృష్టిలో అసలు కాపలా అప్పుడే మొదలవుతుంది. మాయ పడిన తరువాత గర్భాశయం గట్టిగా ముడుచుకుంటేనే అక్కడి రక్తనాళాలు మూసుకుంటాయి. అది మెత్తబడితే రక్తం ధారగా పోతుంది. ఒకటి రెండు గంటలలోనే ప్రాణం మీదికి రావచ్చు. ఈ ప్రమాదం మొదటి రోజున అత్యధికం. గర్భిణిగా ఉన్నప్పుడు లేని రక్తపోటు కాన్పు తరువాత పెరిగి ఫిట్స్ రావడమూ ఉంది. బిడ్డ కామెర్లు సాధారణంగా రెండు మూడు రోజులకు గాని కంటబడవు.

నా ఉద్యోగజీవితంలో ఒక అనుభవం చెప్పక తప్పదు. ఊరి పేరు చెప్పను. రెండవ కాన్పు, ఏ ఇబ్బందీ లేదు. ఇంట్లో పెద్దపిల్ల ఒంటరిగా ఉందని అత్తగారు బతిమాలింది. మాకున్న పడకలన్నీ నిండి, ఇద్దరు గర్భిణులు వరండాలో ఉన్నారు. ఆరు గంటలు గడవగానే పంపివేశాను. అర్ధరాత్రి దాటాక ఎడ్లబండిలో తిరిగి తెచ్చారు. పరచిన దుప్పటి తడిసి, కింది గడ్డి కూడా ఎర్రబడింది. రక్తం దొరికేచోటు నలభై మైళ్ల దూరం. చేర్చలేకపోయాము. పంపే కాగితం మీద సంతకం నాదే.

అందుకే అంటాను, ఈ తొందరకు కుటుంబాలను మాత్రమే తప్పుపట్టరాదు. వెంట వచ్చిన తల్లికి పడుకునే చోటు లేకపోతే, మరుగుదొడ్డి తలుపు పడకపోతే, ఎవరైనా ఇంటికే పోవాలనుకుంటారు. 2011 నుండి అమలులో ఉన్న జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో సాధారణ కాన్పుకు మూడు రోజులు, శస్త్రచికిత్సకు ఏడు రోజులు ఉచిత భోజనం పెట్టాలి. అంటే అన్నాళ్లు ఉండడం బాలింత హక్కే; దయాదాక్షిణ్యం కాదు. పడకలు చాలవనే మాట ప్రభుత్వం సరిదిద్దవలసిన లోపమే గాని, బాలింతను పంపడానికి కారణం కారాదు.

సాధారణ కాన్పు అయినా కనీసం రెండు రాత్రులు ఉండండి. ముర్రుపాలు పారబోయవద్దు. బిడ్డ రొమ్మును సరిగా పట్టుకుంటున్నదో లేదో నర్సమ్మకు చూపించి మరీ బయలుదేరండి. ఇంటికి వచ్చాక గంటలోపే గుడ్డ పూర్తిగా తడిసినా, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారినా, జ్వరం వచ్చినా, బిడ్డ పాలు తాగడం మానినా మంచిరోజూ వర్జ్యమూ చూడక 108కి ఫోను చేయండి. తెల్లవారనిమ్మని ఆగవద్దు.