భారమవుతున్న ట్రయాథ్లాన్‌ సైకిల్‌
విడిభాగాల ఎంపికలో విచక్షణే శరణ్యం

ఈత, సైకిల్‌, పరుగు.. మూడూ ఏకబిగిన సాగే క్రీడ ట్రయాథ్లాన్‌. 2019లో గోవాలో తొలిసారి జరిగిన ఐరన్‌మ్యాన్‌ 70.3 పోటీతో దేశంలో దీనికి ఆదరణ పెరిగింది. ఇందులో 90 కిలోమీటర్లు తొక్కవలసిన సైకిలే మధ్యతరగతి క్రీడాకారులకు అందని ద్రాక్షగా మారుతోంది.

ధరల పెరుగుదలకు కారణాలు అనేకం. 2020-21లో కరోనా వల్ల విడిభాగాల కొరత ఏర్పడింది. 2021లో షిమానో సంస్థ డ్యూరా-ఏస్‌, అల్టెగ్రా కొత్త శ్రేణులను ఎలక్ట్రానిక్‌ గేర్లతోనే విడుదల చేసింది. దిగుమతి సుంకాన్ని 2023 బడ్జెట్‌లో కేంద్రం 30 నుంచి 35 శాతానికి పెంచింది. 2025లో దానిని 20 శాతానికి తగ్గించినా, 15 శాతం సెస్సు విధించడంతో ఊరట దక్కలేదు. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గడం ఒక్కటే ఉపశమనం.

ఏది అవసరం?
డ్యూరా-ఏస్‌, అల్టెగ్రా రెండింటికీ వెనుక 12 గేర్లే. గేరు మారే తీరులోనూ పెద్ద తేడా లేదు. వ్యత్యాసం ప్రధానంగా బరువులోనే. చదునైన రహదారిపై వేగానికి అసలు అడ్డంకి గాలి. అందులో అధిక భాగాన్ని ఎదుర్కొనేది సైకిల్‌ కాదు, తొక్కేవారి శరీరమే. కనుక కొన్ని వందల గ్రాముల కోసం వేలకు వేలు వెచ్చించే కన్నా, ఒంటికి తగిన కొలతల సర్దుబాటు, నాణ్యమైన టైర్లు మేలు. సాధారణ రోడ్డు సైకిల్‌కు ఏరోబార్లు బిగించుకున్నా తొలి పోటీకి సరిపోతుంది.

దేశీయ పరిశ్రమ రక్షణకు ఉద్దేశించిన సుంకం వర్ధమాన క్రీడాకారులకు ప్రతిబంధకం కాకుండా ప్రభుత్వం పునరాలోచించవలసి ఉంది.