రొట్టెల పండుగకు షామియానా ఎవరు వేస్తారు?

ముహర్రం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గాకు లక్షల మంది తరలివస్తారు. స్వర్ణాల చెరువులో దిగి, మతభేదం లేకుండా ఉద్యోగ రొట్టె, వివాహ రొట్టె, గృహ రొట్టె అంటూ మార్చుకుంటారు. వ్యాపారం బాగుపడాలని కోరుకునేవారికి వ్యాపార రొట్టె కూడా ఉన్నది. దర్గా ఆచారాలపై మన సమాజంలో భిన్నాభిప్రాయాలున్నాయి. ఈ వ్యాసంలో వాటి జోలికి పోవడం లేదు. మేము అడగదలచినది వేరు. అంతమంది జనానికి షామియానాలు, బారికేడ్లు, దీపాలు, తాగునీరు, తాత్కాలిక మరుగుదొడ్లు కావాలి. నగరపాలక సంస్థ, వక్ఫ్ బోర్డు, జిల్లా యంత్రాంగం కలసి ఆ ఏర్పాట్లు చూస్తాయి. ఆ సరుకూ ఆ సేవలూ ఎవరి వద్ద కొంటున్నారు? ఆ బిల్లులలో మైపాడు గేటు వెల్డింగు షాపువారి పేరు, ఇందుకూరుపేట షామియానా వారి పేరు ఎన్నింటిపై కనిపిస్తుంది?

పండుగ అయిదు రోజులే. 1866లో పురపాలక సంఘంగా పుట్టి 2004లో నగరపాలక సంస్థగా మారిన నెల్లూరు, 54 డివిజన్ల కోసం ఏడాది పొడుగునా కొంటూనే ఉంటుంది. చీపుర్లు, బ్లీచింగ్ పౌడరు, సున్నం, చెత్త బండ్లు, పారిశుద్ధ్య కార్మికుల దుస్తులు, పైపులు, వీధి దీపాలు, రిజిస్టర్లు, ట్రాక్టరు మరమ్మతులు. మన ఇందుకూరుపేట ఆ సంస్థ పరిధిలో లేదు, నిజమే. అయినా మన మండలంలో కుట్టుపని, వెల్డింగు, షామియానా వ్యాపారం చేసుకునేవారికి సంత నెల్లూరే.

ముస్లిం శ్రామికులలో 61 శాతం మంది స్వయం ఉపాధిపై ఆధారపడినవారేనని, హిందువులలో ఆ వాటా 55 శాతమని సచార్ కమిటీ 2006లో తేల్చింది. ఆ నివేదిక వచ్చిన తరువాత మన సభలన్నీ ఉద్యోగాల చుట్టూ, సీట్ల చుట్టూ తిరిగాయి. అది అవసరమే. కానీ సగానికి పైగా కుటుంబాలకు అన్నం పెట్టేది దుకాణం, మగ్గం, మిషను, మరమ్మతు పనిముట్లు అయినప్పుడు, ఊళ్ళో అతిపెద్ద కొనుగోలుదారు ఎవరి దగ్గర కొంటున్నాడో మనం అడగలేదు.

కార్యాలయంలో ఒక కొనుగోలు ఎలా నడుస్తుందో మేము గుమాస్తాగా ఉద్యోగ జీవితమంతా చూశాము. సంబంధిత విభాగం ఇండెంటు పెడుతుంది. అంచనా తయారై, పరిపాలనా అనుమతి వస్తుంది. విలువను బట్టి కొటేషన్లు గానీ టెండరు గానీ పిలుస్తారు. తరువాత సప్లై ఆర్డరో వర్క్ ఆర్డరో చేతికిస్తారు. సరుకైతే స్టాకు రిజిస్టరులో, పనైతే ఎం-బుక్కులో ఎక్కుతుంది. అప్పుడు గానీ బిల్లు కదలదు. ఈ గొలుసులో ఒక్క కొక్కెం ఊడినా సొమ్ము ఆగిపోతుంది.

మనవారు దెబ్బతినేది చాలా వరకు ఇక్కడే. "ముందు పని కానివ్వండి భాయ్, కాగితం తరువాత చూద్దాం" అని ఎవరో ఫోను చేస్తారు. పిలిచారు కదా అన్న మొహమాటంతో, పెద్ద ఆఫీసుతో పరిచయం పెరుగుతుందన్న ఆశతో బండి నిండా సామాను దింపి వస్తారు. మాకు తెలిసిన ఒక షామియానా యజమాని ఒక స్థానిక సంస్థ సభకు ఇలాగే నోటిమాటపై పందిరి వేశారు. ఫోను చేసిన అధికారి బదిలీ అయ్యారు. వచ్చిన కొత్త అధికారి ఆర్డరు కాపీ చూపమన్నారు. చూపడానికి ఏమీ లేదు. కూలీలకు మాత్రం ఆయన ఆ రాత్రే సొంత జేబులోంచి చెల్లించారు, ఎందుకంటే కూలివాని సొమ్ము ఆపరాదన్న ప్రవక్త (స) బోధ ఆయనకు తెలుసు. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్, సూరా బఖరాలోని 282వది, గడువు పెట్టుకున్న లావాదేవీని వ్రాసుకోవడం గురించీ సాక్షుల గురించీ వచ్చినదే. దానిని ఎంతో శ్రద్ధగా పఠించే మనం ఆర్డరు కాగితం అడగడానికి సిగ్గుపడటం మాకు ఎన్నటికీ బోధపడదు.

కాగితాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం. ఆధార్, పాన్ ఉంటే ఆన్‌లైనులో పూర్తవుతుంది. డబ్బు అడిగే దళారికి ఒక్క రూపాయి ఇవ్వనక్కరలేదు. సరుకు ఇచ్చిన తరువాత కాక, ముందే చేసుకోవాలి. సూక్ష్మ, చిన్న సంస్థలకు 2006 నాటి ఎం.ఎస్.ఎం.ఇ.డి. చట్టం ఒక రక్షణ ఇస్తుంది: ఒప్పందంలో ఏమి వ్రాసుకున్నా సరుకును అంగీకరించిన 45 రోజులలోపు కొనుగోలుదారు సొమ్ము చెల్లించాలి. ఇది ప్రైవేటు కంపెనీకే కాదు, ప్రభుత్వ సంస్థకూ వర్తిస్తుంది. చెల్లించకపోతే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

ఒక మెలిక ఉన్నది. ఈ రక్షణ తయారీదారుకు, సేవ అందించేవారికి మాత్రమే. గేటు చేసి ఇచ్చే వెల్డరు, దుస్తులు కుట్టే దర్జీ, పందిరి అద్దెకిచ్చే యజమాని దీని కిందికి వస్తారు. చీపుర్లు కొని మారు అమ్మే వ్యాపారి ఉద్యం చేయించుకోగలడు గానీ, ఆ నమోదు అతనికి బ్యాంకు అప్పు వరకే పనికివస్తుంది. ఇంకొకటి: చట్టం ప్రకారం ఆలస్యానికి బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ రావాలి. వడ్డీ మనకు హరామ్ కనుక అసలు ఫిర్యాదే వద్దని వెనుకాడేవారు ఉన్నారు. అసలు సొమ్ము మన హక్కు. దానికోసం ఫిర్యాదు చేయడంలో తప్పు లేదు. చేతికొచ్చిన వడ్డీని ఏమి చేయాలో ఉలమాలను అడిగి తెలుసుకోవచ్చు.

సరుకుల అమ్మకం 40 లక్షల రూపాయలు, సేవలైతే 20 లక్షలు దాటితేనే జి.ఎస్.టి. నమోదు తప్పనిసరి. కానీ టెండరు పత్రం సాధారణంగా ఆ నంబరు అడుగుతుంది కనుక స్వచ్ఛందంగా తీసుకోవడం మంచిది. ఒప్పందం విలువ రెండున్నర లక్షలు మించితే సంస్థ రెండు శాతం పన్ను పట్టుకుని చెల్లిస్తుంది. అది పోయిన సొమ్ము కాదు. రిటర్నులు వేస్తే మీ ఖాతాలో జమ అవుతుంది.

ఇంతవరకు మన వైపు నుంచి చేయవలసినది. కాగితాలన్నీ సిద్ధం చేసుకున్నా తలుపు తెరుచుకోని సందర్భం ఉన్నది. అది టెండరు పరిమాణం. పందిరి, దీపాలు, బారికేడ్లు, నీరు, మరుగుదొడ్లు అన్నీ ఒకే మూటగా కట్టి, మూడేళ్ళ టర్నోవరు, అదే రకమైన పెద్ద పని చేసిన అనుభవం, భారీ ధరావతు అడిగితే మన ఊరి షామియానా యజమాని లోపలికి అడుగు పెట్టలేడు. దూరాన ఉన్న పెద్ద సంస్థకు పని దక్కుతుంది. ఆ సంస్థ ఇక్కడికే వచ్చి, అదే యజమాని సామానును సగం ధరకు అద్దెకు తీసుకుంటుంది. పని చేసేది మనవాడే, లాభం ఇంకొకరిది.

బ్రిటన్‌లోని ప్రెస్టన్ నగరం ఈ సమస్యను సూటిగా ఎదుర్కొన్నది. అక్కడి నగర మండలి, కళాశాల, పోలీసు తదితర ఆరు పెద్ద సంస్థలు తమ కొనుగోళ్ళ లెక్క తీస్తే, 2012-13లో నగరంలోని సరఫరాదారులకు చేరినది 5 శాతమే. 2016-17 నాటికి అది 18 శాతం దాటింది. రిజర్వేషన్ ఏమీ పెట్టలేదు. ఎక్కడ ఖర్చవుతున్నదో ముందు లెక్కించారు, తరువాత పెద్ద ఒప్పందాలను చిన్నవి చేశారు. ఆ జిల్లా మండలి పాఠశాల భోజనాల సరుకుల ఒప్పందాన్ని తొమ్మిది ముక్కలుగా విడదీసి స్థానికులకు దారి ఇచ్చింది. పొరుగువాడు చేసిన వస్తువు కొనాలన్న ఆలోచన మన మండలానికీ కొత్తది కాదు. పల్లిపాడులో గాంధీజీ 1921 ఏప్రిల్ 7న ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం ఖద్దరు కాలపు ఆ ఆలోచనలోంచి వచ్చినదే. దాని నిర్మాణానికి విరాళమిచ్చిన రుస్తుంజీ ఒక పార్శీ.

ఇక కోటా మాట. కేంద్ర మంత్రిత్వ శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు 25 శాతం కొనుగోళ్ళు చిన్న సంస్థల నుంచి చేయాలి. అందులో ఎస్.సి., ఎస్.టి.లకు 4 శాతం, మహిళలకు 3 శాతం కేటాయింపు ఉన్నది. మైనారిటీలకు లేదు. పైగా ఆ ఉత్తర్వు నగరపాలక సంస్థలను దానంతటది కట్టిపడేయదు. మన బి.సి.-ఇ నాలుగు శాతం విద్యకు, ఉద్యోగాలకు మాత్రమే. కర్ణాటక 2025 మార్చిలో ప్రభుత్వ కాంట్రాక్టులలో 2-బి వర్గానికి 4 శాతం ఇస్తూ బిల్లు ఆమోదించగానే దేశమంతటా రచ్చ జరిగింది. గవర్నరు దానిని రాష్ట్రపతి పరిశీలనకు పంపారు. ఆ పోరాటాన్ని మేము తక్కువ చేయడం లేదు. కానీ కోటా ఒక్కటే దారి అనుకుంటే దశాబ్దాలు కోర్టు మెట్ల మీదే గడచిపోతాయి. టెండరును ముక్కలు చేయమని అడగడానికి మతం ప్రస్తావనే అక్కరలేదు. హిందూ దర్జీకి, దళిత వెల్డరుకు, క్రైస్తవ ఎలక్ట్రీషియనుకు అదే మేలు. వారిని కలుపుకొని అడిగితే కాదనడం కష్టం.

అలాగని చేతిలో ఉన్న చట్టాన్ని వదలనక్కరలేదు. నామినేషన్ పద్ధతిపై ఇచ్చే పనులు, సేవల కాంట్రాక్టులలో బి.సి., ఎస్.సి., ఎస్.టి., మైనారిటీలకు 50 శాతం కేటాయిస్తూ 2019 జూలైలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ బిల్లు ఆమోదించింది. నెల్లూరులో దాని ప్రకారం ఎన్ని పనులు, ఎంత విలువవి, మైనారిటీలకు దక్కాయి? ఈ ప్రశ్న సభలో మైకు ముందు అడిగితే చప్పట్లు వస్తాయి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో వ్రాతపూర్వకంగా అడిగితే 30 రోజులలో జవాబు రావాలి. రొట్టెల పండుగ ఏర్పాట్లకు గత మూడేళ్ళలో ఎన్ని టెండర్లు పిలిచారు, ఎవరికి ఇచ్చారు, బిల్లు ఏ తేదీన చెల్లించారు అన్నవి కూడా అదే దరఖాస్తులో అడగవచ్చు.

కాలం లెక్క ఇది. షాబాన్‌లో దరఖాస్తు వేస్తే రంజాన్‌లో జవాబు అందుతుంది. తరావీహ్ ముగిశాక మస్జిదు వరండాలో నలుగురు షామియానా యజమానులు, ఇద్దరు ఎలక్ట్రీషియన్లు కూర్చుని ఆ కాగితాలు చదువుకోవచ్చు. భాగస్వామ్య సంస్థగా ఏర్పడి టర్నోవరు కలుపుకొనే వీలుందో లేదో ఒక ఆడిటరును అడగవచ్చు. షవ్వాల్ మొదటి వారంలో, పండుగకు మూడు నెలల ముందే, పందిరి వేరు, దీపాలు వేరు, బారికేడ్లు వేరుగా టెండరు పిలవాలని, ప్రకటన తెలుగులో ఇవ్వాలని, బిల్లులు వచ్చిన వరుసలోనే చెల్లించాలని కమిషనరుకు వినతిపత్రం ఇవ్వాలి. నకలుపై తేదీతో ఇన్‌వర్డు ముద్ర వేయించుకుని రావడం మరువరాదు.