మొక్కజొన్నలో ఐదు గుంటలు ఆకుకూరకు వదలండి

సంపాదకులకు,

మీ వ్యవసాయ పేజీలో మొక్కజొన్న గురించి ఏం వచ్చినా ఎకరాకు ఎన్ని క్వింటాళ్లు, ధర ఎంత అన్న దగ్గరే ఆగుతోంది. ధర ముఖ్యం కాదనను. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాకు 2,400 రూపాయలు అయినా చేతికందాలని చూసే రైతునే నేనూ. కానీ మా తిరుమలాయపాలెం మండలంలో ఎకరాలకెకరాలు మొక్కజొన్న వేసిన ఇంటివాళ్లు కూడా తోటకూర కట్ట కోసం కూరగాయల ఆటో ఎప్పుడొస్తుందా అని చూస్తున్నారు. ఈ సంగతి ఎక్కడా చర్చకు రావడం లేదు.

మా పెద్దలు జొన్నచేలో కంది, బొబ్బర, అనుము కలిపి వేసేవారు. గట్ల వెంట గోగు ఉండేది. చేనుకు వెళ్లిన ఆడవాళ్లు కొంగులో ఆకు కోసుకునే ఇంటికొచ్చేవారు. భద్రాచలం వైపు కోయల పోడు సాగూ ఇలాంటి కలగలుపు పంటల మీదే నడిచింది. ఆ గోగుకు, అంటే గోంగూర జాతికి, పుట్టిల్లు ఆఫ్రికా అంటారు. మనలాగే ఒక్క వానాకాలాన్ని నమ్ముకున్న అక్కడి పశ్చిమ ప్రాంతపు గడ్డిమైదానాల పల్లెల్లో నేటికీ జొన్న, సజ్జ, మొక్కజొన్న చేలల్లో దాన్ని కలిపి పండిస్తున్నారు.

మరి మన చేలల్లోంచి ఆకుకూర ఎందుకు పోయింది? నీళ్లు లేక కాదు. 2017లో భక్త రామదాసు ఎత్తిపోతలతో పాలేరు నీళ్లు మా మెట్టకూ ఎక్కాయి. అసలు కారణం కలుపు మందు. విత్తిన 48 గంటల్లోపు అట్రజిన్ కొట్టడం మొక్కజొన్నకు తప్పనిసరి పనైపోయింది. ఆ మందు మొక్కజొన్నను ఏమీ చేయదు, వెడల్పాకు మొక్కల్ని మొలకలోనే మాడ్చేస్తుంది. దాని లెక్కలో తోటకూర, పాలకూర, మెంతి అన్నీ కలుపే. పప్పుజాతి అంతరపంట వేస్తే అట్రజిన్ బదులు పెండిమిథాలిన్ వాడమంటారు. అదీ తోటకూరను మొలవనివ్వదు. ఆకుకూర కావాలంటే చేత్తో కలుపు తీయక తప్పదు.

ఎకరమంతా చేతి కలుపు తీయించమని నేను అడగను. కూలి రేట్లు నాకు తెలియనివి కావు. ఎకరంలో ఐదు గుంటలు, అంటే 605 గజాలు, మందు కొట్టకుండా వదిలితే చాలు. అందులో కలుపు తీయడం ఇద్దరు మనుషులకు ఒక రోజు పని. మొక్కజొన్న మొక్క ఒక్కటీ తగ్గదు. సాలుకూ సాలుకూ మధ్య 60 సెంటీమీటర్ల సందు ఉంటుంది, నెల దాటేదాకా ఆకు కమ్ముకోదు. ఆ ఖాళీలో తోటకూర 25, 30 రోజులకే కోతకొస్తుంది. మెంతి, కొత్తిమీరకు ఇంకో వారం పది రోజులు పడుతుంది. రెండో దఫా యూరియా వేసే నాటికి కోత దాదాపు అయిపోతుంది. ఆ ఐదు గుంటలకు పశువుల ఎరువు మాత్రం కాస్త ఎక్కువ పడాలి. రెండు పంటలు ఒకే నేలను పీలుస్తాయి కదా.

అసలు చిక్కు కత్తెర పురుగుతో. 2018లో కర్ణాటకలో మొదలై మన చేలకు పాకిన ఈ పురుగుకు, సరిగ్గా ఆకుకూర కోసే రోజుల్లోనే మందు కొడతాం. ఆ మందు పడ్డ కూర పిల్లలకు పెట్టకూడదు. అందుకే ఆ ఐదు గుంటల్లో పద్ధతి వేరుగా ఉండాలి. రెండు రోజులకోసారి సాలు వెంట నడిచి, ఆకు మీద బూజులాంటి నూగు కప్పుకున్న గుడ్ల ముద్దల్ని వేళ్లతో నలిపేయాలి. 1500 పీపీఎం వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు కలిపి కొట్టాలి. మొవ్వులో పొడి ఇసుక వేయాలి. 605 గజాల్లో ఇది ఇంటి మనుషులు చేసుకోగల పనే. ఆ తునక చేలో ఎత్తున్న వైపు, గాలి దాని మీదుగా మిగతా చేలోకి వీచే వైపు ఉండాలి. లేకపోతే పక్క సాళ్ల మందు వాననీటితోనో గాలితోనో అందులోకి చేరుతుంది.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో పదిమందిలో ఏడుగురికి, మహిళల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. ఒక్క ఆకుకూరతో అది పోతుందని నేననను. కానీ కట్ట కొనాల్సి వస్తే వారానికి ఒకసారి వండే ఇంట్లో, చేలో ఉంటే రోజు విడిచి రోజు వండుతారు.

వైరా కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలను, మా వ్యవసాయ విస్తరణ అధికారులను కోరేది ఒకటే. ఏ కూర, ఎంత విత్తనం, ఏ సాళ్లలో అన్నది మా ఎర్ర చెల్కల్లోనే వేసి చూపించండి. యాసంగి మొక్కజొన్న అక్టోబరు 15 నుంచి నవంబరు 15 లోపు విత్తుతాం. కాబట్టి ఈ మాట రైతు వేదికల్లో దసరాకు ముందే చెప్పాలి. అట్రజిన్ పడ్డాక చెబితే ఆ పంటకు ఇక చేయగలిగింది లేదు.

ఇట్లు,
ఒక మొక్కజొన్న రైతు,
తిరుమలాయపాలెం మండలం, ఖమ్మం జిల్లా