సుంకాల పోరులో పత్తి బజారు

కంగ్టి, నారాయణఖేడ్ ప్రాంతపు పత్తి ధర స్థానిక అడ్తిలోనే తేలుతుందన్న భ్రమ 2025 సీజనుతో పూర్తిగా తొలగిపోయింది. ఆ ఏడాది ఆగస్టులో వాషింగ్టన్‌లో ఒక నిర్ణయం, దాని వెన్నంటే ఢిల్లీలో మరొక నిర్ణయం వెలువడ్డాయి. చేలో కాయ పగలకముందే బజారు మెత్తబడింది.

భారత సరుకులపై అమెరికా ఆగస్టు 7 నుంచి 25 శాతం సుంకం వేసింది. రష్యా చమురు కొంటున్నారన్న కారణం చూపి 27 నుంచి మరో 25 శాతం తగిలించింది. మన రెడీమేడ్ దుస్తులకు అతి పెద్ద గిరాకీ అక్కడిదే. మిల్లుల మొర ఆలకించిన కేంద్రం దిగుమతి పత్తిపై 11 శాతం సుంకాన్ని ఆగస్టు 19 నుంచి ఎత్తివేసింది. మొదట సెప్టెంబరు 30 వరకే అన్నారు. పక్షం తిరగకుండానే గడువును డిసెంబరు 31 దాకా పొడిగించారు.

మిల్లులకు చౌక దూది కావాలన్నది న్యాయమైన కోరికే. పేచీ అంతా వేళ గురించే. 2022లోనూ ఈ సుంకాన్ని రద్దు చేశారు. అప్పుడు ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు ఇచ్చిన మినహాయింపు, పత్తి ధర మండిపోతూ రైతు ఇంట సరుకు ఖాళీ అవుతున్న కాలంలో వచ్చింది. 2025లో ధర మద్దతు స్థాయిని అందుకోలేక ఉన్నప్పుడు, కొత్త రాబడి మొదలయ్యే నెలలను కలుపుకుని ఇచ్చారు. ఒకే మందు ఒకసారి పథ్యం, మరోసారి అపథ్యం.

మద్దతు ధర ఉంది కదా అనవచ్చు. 2025-26కు పొడుగు పింజ పత్తికి క్వింటాలుకు రూ. 8,110, మధ్యరకానికి రూ. 7,710 ప్రకటించారు. అయితే ఆ ధర దక్కాలంటే సీసీఐ కొనాలి. తేమ 8 శాతం దాటితే ధరలో కోత, 12 దాటితే సరుకు వాపసు. యాప్‌లో పేరు నమోదు, స్లాటు అదనం. ఈ గడపలు దాటలేని రైతు చివరకు వచ్చేది ప్రైవేటు కాంటా దగ్గరికే. మద్దతు ధర చెప్పే వర్తకుడు అక్కడ ఉండడు. పైనుంచి వచ్చిన రేటే అతనికీ ఆధారం.

అమెరికా తన పత్తి రైతుకు ఇచ్చే సబ్సిడీలపై బ్రెజిల్ 2002లో ప్రపంచ వాణిజ్య సంస్థలో వ్యాజ్యం వేసి నెగ్గింది. 2014 రాజీలో 30 కోట్ల డాలర్లు రాబట్టింది. గట్టిగా అడిగిన దేశానికి పరిహారం ముట్టింది. ఇక్కడ మాత్రం అమెరికా వేసిన సుంకానికి ప్రతిగా, అమెరికా దూదికి సైతం మన తలుపే బార్లా తెరిచారు.

నష్టం రైతుతో ఆగదు. పెట్టుబడికి అప్పిచ్చిన అడ్తిదారు బాకీ మొండిపడుతుంది. పాత రేటున బేళ్ళు నిలవ చేసిన జిన్నింగ్ యజమాని చేతులు కాల్చుకుంటాడు. ఊరి కిరాణా ఖాతా కూడా మరో పంట వరకు తెగదు.

సుంకం ఉంచినా, తీసినా ఆ మాట విత్తనం నేలపడక ముందు మే నెలలోనే చెప్పడం ధర్మం. తప్పనిసరైతే మినహాయింపును రాబడి ముగిసిన వేసవికి పరిమితం చేయాలి. ధరల ఎగుడుదిగుళ్ళను తట్టుకోవడం వర్తకానికి కొత్త కాదు. పక్షానికొకసారి మారే ఉత్తర్వును తట్టుకోవడమే కష్టం.