అడ్డపొగ, రాచపుండు, కత్తి భయం

కాన్సర్‌ను రాచపుండు అని పిలిచిన కాలం నుంచీ తెలుగునాట దాని చుట్టూ అల్లుకున్న నమ్మకాలలో అన్నిటికన్నా మొండిదీ, ఎక్కువ ప్రాణాలు తీసేదీ, గడ్డకు కత్తి తగిలితే రోగం ఒళ్లంతా పాకుతుందన్నది. పద్మనాభం, భీమునిపట్నం పరిసరాల నుంచి శ్రీకాకుళం దాకా సాగే ఉత్తరాంధ్రలో దీని బలాన్ని అర్థం చేసుకోవాలంటే అడ్డపొగ అనే ఆచారంతో మొదలుపెట్టాలి.

అడ్డపొగ అంటే చుట్ట వెలిగించిన కొనను నోటి లోపల ఉంచుకుని పీల్చడం. మగవారికన్నా ఆడవారిలో ఎక్కువగా ఉన్న ఈ అలవాటులో పొగతోపాటు నిప్పు సెగ కూడా అంగిలికి, అంటే నోటి పైకప్పుకు, నేరుగా తగులుతుంది. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి పిండ్‌బోర్గ్, మెహతా తదితరులు 1971లో ప్రకటించిన అధ్యయనం అడ్డపొగ తాగేవారి అంగిలి మీద కలిగే మార్పులను వివరంగా నమోదు చేసింది. ప్రపంచంలో చాలాచోట్ల అరుదుగా కనిపించే గట్టి అంగిలి కాన్సర్ ఈ ప్రాంతంలో వైద్యులకు చిరపరిచితం కావడానికి కారణం ఇదే. కొందరు నమ్మినట్టు పూర్వజన్మ పాపమే రోగానికి మూలమైతే, అది సరిగ్గా సెగ తగిలే చోటనే ఎందుకు పుట్టాలన్న ప్రశ్నకు కర్మసిద్ధాంతం దగ్గర జవాబు లేదు.

ఇక కత్తి సంగతి. ముక్క పరీక్ష, అంటే బయాప్సీ, అనుమానం ఉన్న చోటు నుంచి చిన్న కండముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూడడం; అది లేకుండా పుండు కాన్సరో కాదో, ఏ రకమో తేలదు, తేలకుండా చికిత్స నిర్ణయించడం సాధ్యం కాదు. నాటుమందులతో నెలలు గడిచి, రోగం ముదిరిన తరువాత ముక్క తీయించుకున్న మనిషి కొద్ది కాలానికే మరణిస్తే, ఊరు గుర్తుపెట్టుకునేది గడిచిపోయిన నెలలను కాదు, కత్తిని. ఒకదాని తరువాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదన్న తర్కసూత్రం ఇక్కడ ప్రాణరక్షణ సూత్రమవుతుంది. అయితే హేతువాది నిజాన్ని సగం చెప్పి ఊరుకోకూడదు: సూది వెళ్లిన దారిలో కాన్సర్ కణాలు నాటుకోవడం చాలా అరుదుగానైనా జరుగుతుంది, అందుకే వృషణంలో కాన్సర్ అనుమానిస్తే వృషణ తిత్తి గుండా సూది గుచ్చరు, ఎముక కాన్సర్లలో బయాప్సీ చేసిన దారిని కూడా శస్త్రచికిత్సలో తొలగిస్తారు. ఈ జాగ్రత్తలను ఏర్పరచుకున్నది వైద్యశాస్త్రమే.

ఈ కత్తి భయాన్ని నిలబెడుతున్నది అజ్ఞానం ఒక్కటే కాదు, మౌనం కూడా. రోగికి చెప్పవద్దని బంధువులు వైద్యుణ్ణి వేడుకోవడం, వైద్యుడు తలూపి మందులు రాయడం ప్రేమ పేరుతో సాగే ఆచారం. దానివల్ల తన శరీరం గురించి తాను తప్ప అందరూ మాట్లాడుకునే స్థితిలోకి రోగి నెట్టబడతాడు. పద్మనాభం కొండ మెట్లెక్కి అనంతపద్మనాభస్వామికి మొక్కు తీర్చుకోవడం రోగికి ధైర్యమిస్తే దాన్ని కాదనవలసిన పని లేదు, కానీ మొక్కు తీరేదాకా పరీక్ష వాయిదా వేయడం మాత్రం రోగానికి గడువు ఇవ్వడమే. విశాఖలో కేజీహెచ్ ఆసుపత్రి ఉంది, అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రి ఉంది, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పేదల ఖర్చు భరించే మార్గం చూపింది. అక్కడికి చేరిన మనిషికి ఇంకా కావలసింది తీరిగ్గా కూర్చుని మాట్లాడే వైద్యుడు: రోగం ఏ దశలో ఉంది, చికిత్స నయం చేయడానికా బాధ తగ్గించడానికా, శస్త్రచికిత్స ముందా, జనం కరెంటు పెట్టడమని పిలిచే రేడియేషన్ ముందా, ఏమీ చేయకపోతే ఏమవుతుంది అన్నవి రోగి నోటినుంచే రావలసిన ప్రశ్నలు.

అంగిలి కాన్సర్‌లోనే ఈ సంభాషణ విలువ స్పష్టంగా కనిపిస్తుంది. అంగిలి ఎముకలో కొంత తీసేశాక నోటికీ ముక్కుకూ మధ్య దారి ఏర్పడి, తాగిన నీళ్లు ముక్కులోంచి రావడం, మాట ముక్కుతో పలికినట్టు మారడం జరుగుతాయి. ముందుగా తెలియని రోగి దాన్ని శాపమనుకుని భోజనం దగ్గర నలుగురిలో కూర్చోవడం మానేస్తాడు. ఆ ఖాళీని మూయడానికి కట్టుడుపళ్ల సెట్టు వంటి ఆబ్ట్యురేటర్ అనే పరికరం ఉందనీ, దాని కొలతల కోసం ఆపరేషన్‌కు ముందే దంతవైద్యుణ్ణి కలవాలనీ, గాయం మానేకొద్దీ దాన్ని సరిచేయించుకుంటూ ఉండాలనీ, అది అమరిన తరువాత మింగడం, మాట్లాడడం చాలావరకు తిరిగి సాధ్యమవుతాయనీ ముందే విన్న రోగి, ఇంట్లోవారికి తానే ఆ సంగతి వివరించగల స్థితిలో శస్త్రచికిత్సకు వెళ్తాడు.