ఉచితమే... షరతులే కలవలేదు!

కంప్యూటర్లో సినిమా చూడాలంటే చాలామంది నొక్కేది నారింజ రంగు ట్రాఫిక్ కోన్ బొమ్మనే. అదే వీఎల్‌సీ ప్లేయర్. పైసా ఖర్చు లేదు, ప్రకటనల గోల లేదు. అలాంటిది 2011 జనవరిలో యాపిల్ యాప్ స్టోర్ నుంచి ఉన్నట్టుండి మాయమైంది. వైరస్ వల్లో, డబ్బు గొడవ వల్లో కాదు... షరతులు పొసగక!

ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్‌ల కోడ్‌ని ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. ఎలా పంచాలన్నది మాత్రం లైసెన్సు చెబుతుంది. ఎంఐటీ లైసెన్సుది ఉదార స్వభావం. రాసినవాళ్ల పేరూ లైసెన్సు పాఠమూ ఉంచితే చాలు, దేంట్లోనైనా కలుపుకోవచ్చు. జీపీఎల్ అలా కాదు. ఆ కోడ్ కలిపి చేసిన ప్రోగ్రామ్‌ని ఇతరులకు ఇస్తే మొత్తం జీపీఎల్ కిందే ఇవ్వాలి, కొత్త ఆంక్షలు పెట్టకూడదు. అందుకే ఎంఐటీ కోడ్ జీపీఎల్‌లో ఇమిడిపోతుంది, జీపీఎల్ కోడ్ ఎంఐటీ కిందకి రాదు. నది సముద్రంలో కలుస్తుంది కానీ సముద్రం నదిలోకి రాదు కదా!

రెండూ ఇలా పట్టుబట్టేవే అయితే అసలుకే చిక్కు. సన్ మైక్రోసిస్టమ్స్ 2005లో జడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ కోడ్‌ని సీడీడీఎల్ లైసెన్సుతో బయటపెట్టింది. లైనక్స్‌ది జీపీఎల్. రెండూ ఓపెన్ సోర్సే, అయినా లైనక్స్ అసలు కెర్నెల్లో జడ్‌ఎఫ్‌ఎస్‌కి ఇప్పటికీ చోటు లేదు.

ప్యారిస్ దగ్గర ఎకోల్ సెంట్రల్ విద్యార్థులు 1996లో మొదలుపెట్టిన వీఎల్‌సీని 2001లో జీపీఎల్ కింద విడుదల చేశారు. యాప్‌ని ఎన్ని పరికరాల్లో వాడాలో చెప్పే యాపిల్ నిబంధనలు దానికి విరుద్ధమని వీఎల్‌సీ డెవలపర్లలో ఒకరు అభ్యంతరం చెప్పడంతో యాప్ పోయింది.

మరి లైసెన్సు మార్చేస్తే సరిపోదా? అక్కడే ఉంది అసలు కష్టం. ఎవరు రాసిన కోడ్ మీద హక్కు వాళ్లదే. ఏళ్ల క్రితం నాలుగు వరుసలు రాసి వెళ్లిపోయినవాళ్లని కూడా వెతికి పట్టుకుని అనుమతి అడగాల్సి వచ్చింది. అలా 2011లో ప్లేయర్ ఇంజిన్‌నీ, 2012లో మిగతా భాగాల్లో చాలావాటినీ సడలింపులున్న ఎల్‌జీపీఎల్‌కి మార్చారు. చివరికి 2013 జులైలో వీఎల్‌సీ ఐఫోన్లోకి తిరిగొచ్చింది.

ప్రాజెక్టుల కోసం నెట్‌లో కోడ్ ఏరుకునే విద్యార్థులు ముందుగా చూడాల్సింది లైసెన్సు ఫైలునే. అది లేకపోతే..? ఇష్టమొచ్చినట్టు వాడుకోమని కాదు, అనుమతి ఇవ్వలేదని అర్థం!